పాయింట్ల పంపకాల అర్జీ

స్థలం తగాదాకి సివిల్ కోర్టుంది. కొన్న ఫ్రిజ్జు చల్లబరచకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. బ్యాంకులో అన్యాయం జరిగితే రిజర్వు బ్యాంకు వారి అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2021 నవంబరు నుంచి దేశం మొత్తానికీ ఒకే పథకం కింద ఫిర్యాదులు తీసుకుంటున్నారు కూడా. ఆ పథకం నిబంధనలు ఓపిగ్గా చదివాను. సేవలో లోపం ఉంటే వింటారట. నా కేసులో లోపమేమీ లేదు. క్రెడిట్ కార్డు మీద ఇస్తామన్న పాయింట్లు బ్యాంకువారు ఇచ్చారు. లెక్క తప్పలేదు. యాప్ తెరిస్తే అంకె ఇంత లావున కనబడుతుంది. ఆ పాయింట్లను ఏ విమాన సంస్థకి బదిలీ చెయ్యాలో తేలక ఒక గృహస్థు అర్ధరాత్రి దాకా హాల్లో లైటు వేసుకుని కూర్చుంటున్నాడన్నది మాత్రం ఏ సెక్షను కిందికీ రావడం లేదు. కనుక ఈ అర్జీని అధికారులెవరికీ పెట్టుకోకుండా, చదివినవారందరి సముఖానికీ దాఖలు చేసుకుంటున్నాను.

విన్నవించుకునేదేమనగా:

నేను దుబారా మనిషిని కాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆఫీసు పెన్సిలు పొట్టిదయ్యేదాకా వాడినవాణ్ణి. అటువంటి నా చేతికి కార్డు ఇస్తూ బ్యాంకు కుర్రాడు, "మీరు ఎలాగూ పెట్టే ఖర్చే కద సార్, పాయింట్లు ఫ్రీగొస్తయ్" అన్నాడు. ఆ మాట మా ఇంటి ఖర్చు దారినే మళ్ళించేసింది. అంతవరకూ చేతిలో ఉన్న నోటు ఇచ్చి చిల్లర పుచ్చుకుని వచ్చేవాణ్ణి. ఇప్పుడు కొట్టు గుమ్మంలోనే, "కార్డు తీసుకుంటారా?" అని అడుగుతున్నాను. కూకట్‌పల్లి కిరాణా కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, "స్కాన్ జెయ్యి సార్, కార్డయితే రెండు పర్సెంట్ ఎక్స్‌ట్రా అయితది" అంటాడు. రెండు శాతం ఇచ్చి ఒకటిన్నర శాతం సంపాదించడం లాభమా నష్టమా అని పప్పుల బస్తాల మధ్య నిలబడి గుణించుకోవలసిన గతి మా వంశంలో ఇంతకుముందెవరికీ పట్టలేదు.

పైగా పాయింట్లు అన్నింటికీ రావు. చాలా కార్డుల్లో ఇంటద్దెకు రావు, పెట్రోలుకు రావు, వాలెట్‌లో వేసుకుంటే రావు, ప్రభుత్వానికి కట్టే వాటికి రావు. అంటే తప్పనిసరి ఖర్చుకి రాకుండా, తప్పించుకోగలిగిన ఖర్చుకే వస్తాయి. దీని వెనక ఎవరిదో మంచి బుర్ర ఉంది. అందుచేత హోటల్లో పదిమందిమి తింటే బిల్లు నేను లాక్కుంటున్నాను. తతిమ్మావాళ్ళు వాటా నా ఫోనుకి పంపుతున్నారు. తోడల్లుడిగారి అమ్మాయి పెళ్ళికి కేటరింగ్ అడ్వాన్సు నా కార్డు మీదే గీయించాను. బంధువర్గంలో నాకు దాతగా పేరొచ్చింది. ఆ పేరు నేను ఖండించలేదు.

ఇలా పోగైన పాయింట్లు ఒక ఎత్తయ్యేసరికి ఇంట్లో వాటాదార్లు బయల్దేరారు. మా అబ్బాయి డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. "నాన్నా, దోహా మీదుగా రండి, సూటిగా డల్లాస్‌లోనే దిగొచ్చు, మధ్యలో ఇంకో ఊళ్ళో పరుగులుండవు" అంటాడు. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. పద్నాలుగు వేల కిలోమీటర్ల దూరం కాళ్ళు ముడుచుకుని కూర్చోనని, పక్క వేసుకుని పడుకునే సీటు ఉంటేనే మనవణ్ణి చూడ్డానికి వస్తానని నిష్కర్షగా చెప్పేసింది. మా అమ్మకి అమెరికా అక్కర్లేదు. "కాశీకి తీసికెళ్ళరా, ఆ పాయింట్లేవో దానికి పనికిరావా?" అంటుంది. పనికొస్తాయి. ఇండిగోవారు కూడా 2024లో బ్లూచిప్ అని ఒక పథకం పెట్టారు. అంటే దేశంలో తిరిగినా నాకు ప్రశ్న తప్పదన్నమాట. ఇక మా బావమరిది ఉన్నాడు. అతనికి ఎక్కడికీ వెళ్ళే పని లేదు. పాయింట్ల గురించి తెలిసినంతగా మరేదీ తెలియదు.

ఈ అర్జీలో మొదటి ప్రతివాది అతనే.

"బావగారూ, ఎవరి విమానం ఎక్కుతారన్నది కాదు, ఎవరి మైళ్ళతో ఎక్కుతారన్నది పాయింటు" అని అతను మొదలుపెట్టిన ఆదివారం మధ్యాహ్నం నాకు భోజనం తరవాతి కునుకు పోయింది. విషయం ఏమిటంటే, బ్యాంకు పాయింట్లు విమాన సంస్థలోకి వెళ్తే మైళ్ళవుతాయి. ఆ విమాన సంస్థల్లో చాలావరకు మూడు ముఠాలుగా ఏర్పడ్డాయి. స్టార్ అలయన్స్ 1997లో పుట్టింది. ఆ వెనకే 1999లో వన్‌వరల్డ్, 2000లో స్కైటీమ్. ఒక ముఠాలో ఎవరి దగ్గర మైళ్ళున్నా ఆ ముఠాలో ఇంకొకరి విమానం ఎక్కొచ్చు. మన ఎయిరిండియా 2014 జులైలో స్టార్ అలయన్స్‌లో చేరింది. లుఫ్తాన్సా అందులోదే, సింగపూర్ ఎయిర్‌లైన్స్, టర్కిష్, ఇథియోపియన్ కూడా అందులోవే. కాబట్టి శంషాబాద్‌లో లుఫ్తాన్సా ఎక్కి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాలనుకున్నవాడు తన పాయింట్లను ఆడిస్ అబాబాకి పంపుకోవచ్చు. ఇథియోపియా వెళ్ళక్కర్లేదు, వాళ్ళ విమానం చూడనైనా అక్కర్లేదు. సొమ్ము ఒకరి కొట్లో కట్టి సరుకు మరొకరి కొట్లో తెచ్చుకోవడం. ఒకే సీటుకి ఈ కొట్టువాడు అన్ని మైళ్ళు, ఆ కొట్టువాడు ఇన్ని మైళ్ళు చెబుతాడు. ఎవడు తక్కువ చెబుతాడో కనుక్కోవడం విద్య అట. మా బావమరిది ఆ విద్యలో పండిపోయాడు. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడాన్ని మా కాలంలో తెలివితక్కువ అనేవారు.

ఇంతలో ఏవియోస్ అని ఇంకో తెగ. బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఐబీరియా వాళ్ళది ఆ నాణెం. ఖతార్ ఎయిర్‌వేస్ 2022లో దాన్నే తీసుకుంది, ఫిన్‌ఎయిర్ 2024లో. ఒకరి ఖాతాలోంచి ఇంకొకరి ఖాతాలోకి ఒకటికి ఒకటి చొప్పున మార్చుకోనిస్తారు. వినగానే నా ప్రాణం లేచొచ్చింది. ఈ వ్యవహారం మొత్తంలో వేసిన అడుగు వెనక్కి తీసుకోగలిగే చోటు ఇదొక్కటే కనబడింది. ఎందుకంటే మిగతా చోట్ల బ్యాంకులో ఉన్న పాయింటు విమాన సంస్థకి వెళ్ళిందంటే వెళ్ళిందే, తిరిగి రాదు. బ్యాంకు నిబంధనల్లో ఆ వాక్యం ఒక్కటే అందరికీ అర్థమయ్యే భాషలో రాసి ఉంటుంది.

అసలు కష్టమంతా అక్కడే ఉంది. పాయింట్లు బ్యాంకులో ఉన్నంత సేపూ అవి సింగపూర్‌కీ పనికొస్తాయి, పారిస్‌కీ పనికొస్తాయి, కాశీకీ పనికొస్తాయి. బటన్ నొక్కిన క్షణం నుంచి ఒక్కరికే. పోనీ నొక్కకుండా ఉందామా? పాత బియ్యానికి ధర పెరుగుతుంది గాని పాత పాయింటుకి పెరగదు. ఏదో ఒక నెల మొదటి తారీఖున, "మీకు మరింత మెరుగైన సేవలు అందించే ఉద్దేశంతో" అని ఒక మెయిలు వస్తుంది. ఆ వాక్యం చూడగానే జేబు తడుముకోవాలని ఇంట్లో పిల్లలకి కూడా నేర్పాను. నిన్నటిదాకా ఒక పాయింటుకి ఒక మైలు వచ్చేది, రేపటినుంచి రెండిస్తే ఒకటి. లేదా ఐదిస్తే నాలుగు. ఒక బ్యాంకువారు ముందు పాయింట్లు రాసి తరవాత మైళ్ళు రాస్తారు, ఇంకొకరు తిరగేసి రాస్తారు. వన్ ఈజ్ టు టూ అంటే మనకి రెండొస్తాయో మన దగ్గరివి రెండు పోతాయో తెలియడానికి చిన్నక్షరాలు చదవాలి. నాకు కళ్ళజోడు మారింది.

అవతలి ఒడ్డున కూడా అంతే. విమాన సంస్థలోకి వెళ్ళిన మైళ్ళకి గడువుంటుంది. సింగపూర్ వారి క్రిస్‌ఫ్లయర్ మైళ్ళు వాడినా వాడకపోయినా మూడేళ్ళకి చెల్లిపోతాయి. కొందరి దగ్గర ఖాతాలో ఏదో ఒక కదలిక ఉంటే బతుకుతాయి. కదలిక కోసం పుస్తకమో పువ్వులో కొనమంటారు.

లెక్క తెలిసినవాణ్ణి కనుక లెక్క వేశాను. పాఠకులు కూడా వేసుకోవచ్చు. ఒక టికెట్టు నగదుకి 36,000 రూపాయలనుకుందాం. మైళ్ళతో అయితే 25,000 మైళ్ళు, పైన పన్నులూ వగైరాలూ 6,000 రూపాయలు. అంటే మిగిలింది 30,000. దాన్ని పాతిక వేలతో భాగిస్తే మైలుకి రూపాయి ఇరవై పైసలు. బ్యాంకు రెండు పాయింట్లకి ఒక మైలు ఇచ్చే పక్షంలో పాయింటుకి అరవై పైసలు. అదే పాయింటుని కార్డు బిల్లులో తగ్గించుకుంటే ముప్పై పైసలే ఇస్తారనుకోండి. అప్పుడు విమానమే రెట్టింపు లాభం. ఇందులోంచి బదిలీ రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ తీసెయ్యండి. కార్డు వార్షిక రుసుము, దాని మీద ఇంకో 18 శాతం తీసెయ్యండి. నగదుతో టికెట్టు కొని ఉంటే ఆ ప్రయాణానికి వచ్చే మైళ్ళు ఇప్పుడు రావు కనుక అవీ తీసెయ్యండి. ఇంత తీసేశాక కూడా కాస్త మిగిలింది. కాగితం పట్టుకెళ్ళి మా ఆవిడకి చూపించాను. ఆవిడ వంకాయలు కోస్తూ తల ఎత్తకుండానే, "ఏమండీ, ఆ టికెట్టు ముప్పై ఆరు వేలు పోసి మీరు ఎప్పుడైనా కొనేవారా?" అంది.

కొనను. ఇంకో రోజు చూసుకుని, పొద్దున నాలుగింటి విమానం చూసుకుని, పద్దెనిమిది వేలకి కొంటాను. ఈ శాస్త్రం మొత్తానికి ఇది పెద్ద చిల్లు. బిజినెస్ క్లాసు సంగతయితే చెప్పనే అక్కర్లేదు. మూడు లక్షల సీటుని మైళ్ళతో కొట్టేశామని గర్వంగా చెప్పుకునేవారందరూ మూడు లక్షలు మిగిలాయంటారు. వాళ్ళ దగ్గర ఆ మూడు లక్షలు ఎన్నడూ లేవు, ఉన్నా ఆ సీటు మీద పెట్టేవారు కాదు. ఈ అభ్యంతరం మా బావమరిది ముందుంచితే, "ఎకానమీకి మైళ్ళు తగలేసే మనిషితో నేను మాట్లాడను బావగారూ" అన్నాడు. మాట్లాడకపోవడం జరగలేదు.

ఈ మైళ్ళ గొడవ మన దేశంలో పుట్టింది కాదు. 1979లో టెక్సస్ ఇంటర్నేషనల్ అనే సంస్థ మొదలెట్టింది. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ పెద్ద ఎత్తున తెరిచింది. కొద్ది రోజుల తేడాతో యునైటెడ్ అందుకుంది. అప్పట్లో మైలంటే మైలే. ఎంత దూరం ఎగిరితే అంత జమ. 2015 నుంచి డెల్టా, యునైటెడ్, మరుసటేడు అమెరికన్ కూడా, ఎంత దూరం ఎగిరావని అడగడం మానేసి ఎంత డబ్బు కట్టావని అడగడం మొదలెట్టాయి. ఏ సీటుకి ఎన్ని మైళ్ళో చెప్పే పట్టిక గోడ మీద ధరల బోర్డులా ఉండేది. దాన్ని డెల్టా 2015లోనే దించేసింది, యునైటెడ్ 2019లో, అమెరికన్ 2023లో. ఇప్పుడు ధర ఆ పూట విమాన సంస్థకి ఏది తోస్తే అది. మన రైతుబజారులో బోర్డు లేకుండా అమ్మితే ఇన్‌స్పెక్టరు వచ్చి అడుగుతాడు.

వీళ్ళకి ఇదంతా ఎందుకు అని అడిగేవారికి ఒక్క సంగతి చాలు. 2020 జూన్‌లో, కరోనాకి విమానాలన్నీ నేల మీద పడుకుని ఉన్నప్పుడు, యునైటెడ్ వారు తమ మైళ్ళ పథకాన్ని తాకట్టు పెట్టి 500 కోట్ల డాలర్ల అప్పుకి ఏర్పాటు చేసుకున్నారు. ఆ పథకం ఒక్కదాని విలువే దాదాపు 2,200 కోట్ల డాలర్లని లెక్క కట్టించారు. ఆ రోజుల్లో షేరు బజారులో మొత్తం కంపెనీ విలువ అంతకంటే చాలా తక్కువ. విమానాలూ పైలట్లూ హ్యాంగర్లూ అన్నీ కలిపినా పాయింట్ల ఖాతా పుస్తకానికి సరితూగలేదన్నమాట. మైళ్ళని వాళ్ళు బ్యాంకులకి టోకున అమ్ముతారు, బ్యాంకులు మనకి చిల్లరగా పంచుతాయి. నోట్లు అచ్చువేసే హక్కూ, ఆ నోటు విలువ ఎంతో రేపు పొద్దున మార్చుకునే హక్కూ ఒకరి చేతిలోనే ఉన్న వ్యాపారం ఇంకోటి ఉంటే చెప్పండి, నేను కూడా అందులో చేరతాను.

మన దేశంలో ఇంకో చిక్కు. ఇక్కడ విమాన సంస్థే మిగులుతుందో లేదో తెలియదు. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో ఆగింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆఖరిసారి ఎగిరింది. ఆ మైళ్ళు వేరే పేరుతో విమానం లేకుండానే బతికాయి, వాటితో సామాను కొనుక్కోవచ్చన్నారు. విస్తారా 2024 నవంబరు 12న ఎయిరిండియాలో కలిసింది, ఆ పాయింట్లన్నీ ఆ ఇంటికి చేరాయి, ఆ ఇంటి పథకానికి 2025లో మహారాజా క్లబ్ అని పేరు మారింది. అందుకే స్వదేశీ వారికి పంపితే ఉంటారో ఉండరో అన్న భయం, విదేశీయులకి పంపితే మళ్ళీ ఎప్పుడు వెళ్తామో అన్న భయం. పాత సమస్యే తెమలకుండా కొత్త సంబంధాలు వస్తున్నాయి. 2025 సెప్టెంబరు నుంచి కేఎల్ఎం వారు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి నేరుగా శంషాబాద్‌కి నడుపుతున్నారు. దాంతో ఎయిర్ ఫ్రాన్సు, కేఎల్ఎం వారి ఫ్లయింగ్ బ్లూ కూడా మా డైనింగ్ టేబుల్ మీదకొచ్చింది. ఊళ్ళోకి కొత్త విమానం వచ్చిందంటే అందరూ సంతోషిస్తారు. మా ఇంట్లో మాత్రం ఒక నిట్టూర్పు వినబడింది.

సరే, ఎవరికి పంపాలో తేలిందనే అనుకుందాం. సీటుండాలి కదా. మైళ్ళకి ఇచ్చే సీట్లు విడిగా ఉంటాయి, కొన్నే ఉంటాయి. కొన్ని సంస్థలు ఏడాదికి కాస్త తక్కువగా, 355 రోజుల ముందే తలుపు తెరుస్తాయి. వచ్చే సంక్రాంతికి అల్లుడు వస్తాడో రాడో తెలియని దేశంలో వచ్చే ఏడాది జూన్ నెల మంగళవారం సంగతి ఇవాళే తేల్చుకోమనడం ధర్మమా? అర్ధరాత్రి కూర్చుని ఒకటి పట్టుకుంటే అది ఒకరికే ఉంటుంది. లేదా వెళ్ళడానికి ఉంటుంది, రావడానికి ఉండదు. లేదా తెర మీద ఉంటుంది, నొక్కితే ఉండదు. ఆ జాతి సీట్లకి ఈ విద్య తెలిసినవాళ్ళు ముద్దుగా దెయ్యం సీట్లని పేరు పెట్టుకున్నారట. మొదట పాయింట్లు పంపితేనే కొనగలం. పంపితే కొన్ని చోట్లకి నిమిషంలో చేరతాయి, కొన్ని చోట్లకి రోజులు పడుతుంది. ఈలోగా ఆ సీటులో ఎవరో కాళ్ళు చాపుకుంటారు. మన మైళ్ళు మాత్రం అక్కడే, తిరిగిరాని చోట, మన రాకకోసం కూర్చుని ఉంటాయి.

ఉచిత టికెట్టు ఉచితం కాదన్నది కూడా రికార్డులో ఉండాలి. పన్నులు కట్టాలి. కొందరు ఇంధనం పేరుతో సర్‌చార్జి వేస్తారు, అది పన్ను కాదు, విమాన సంస్థ జేబులోకే పోతుంది. లండన్‌లో దిగి రెండ్రోజులు ఊరు చూసి మళ్ళీ అక్కడ విమానం ఎక్కామా, బ్రిటన్ ప్రభుత్వం 1994 నుంచి వసూలు చేస్తున్న ఎయిర్ పాసింజర్ డ్యూటీ మన నెత్తిన పడుతుంది. పడుకుని వెళ్ళే సీటయితే రేటు ఇంకా ఎక్కువ. మనవాళ్ళు రెండు వందల ఏళ్ళు కట్టింది చాలలేదు కాబోలు.

ఇక పేర్ల గొడవ. ఇది తెలుగువాళ్ళకి మాత్రమే ప్రత్యేకంగా రాసిపెట్టిన శిక్ష. పాయింట్లు వెళ్ళాలంటే బ్యాంకులో పేరూ విమాన సంస్థలో పేరూ ఒకటై ఉండాలి. టికెట్టు మీద పేరూ పాస్‌పోర్టులో పేరూ ఒకటై ఉండాలి. కార్డు మీద నా పేరు మూడు పొడి అక్షరాల తరవాత సుబ్బారావు. ఆధార్‌లో వెంకట విడిగా, సుబ్బా విడిగా, రావు విడిగా. పాస్‌పోర్టులో అవన్నీ కలిసి ఒకే రైలుబండి. ఇంటిపేరు ఒకచోట ముందుంది, ఒకచోట వెనకుంది, ఒకచోట ఒక్క అక్షరమై కూర్చుంది. మా ఆవిడ సంగతి మరీ దారుణం. ఆధార్‌లో మా ఇంటిపేరు, పాస్‌పోర్టులో పుట్టింటి పేరు. లక్ష్మిలో కొన్ని కాగితాల్లో ఎక్స్ ఉంది, కొన్నింటిలో కేఎస్‌హెచ్ ఉంది. ఒక విమాన సంస్థ కస్టమర్ కేర్ అమ్మాయి, "సార్, మీ లాస్ట్ నేమ్ చెప్పండి" అంది. "మాకు ఆఖర్న ఉండేది పేరేనమ్మా, ఇంటిపేరు మొదట్లో ఉంటుంది" అన్నాను. "అయితే ఫస్ట్ నేమ్ చెప్పండి సార్" అంది. "అది ఆఖర్న ఉంటుంది" అన్నాను. ఆ అమ్మాయి చాలాసేపు పాట వినిపించింది. పాస్‌పోర్టులో ఒక గడి ఖాళీగా ఉన్న పాపానికి అమెరికా వీసా మీద ముందుపేరు చోట ఎఫ్‌ఎన్‌యూ, అంటే ముందుపేరు తెలియదు అని అచ్చయి, ఆ దేశంలో ఎఫ్‌ఎన్‌యూగారుగా చలామణీ అవుతున్నవాళ్ళు మన జిల్లాల్లో కావలసినంతమంది ఉన్నారు. వాళ్ళ మైళ్ళు ఏ గడిలో పడతాయో నాకు ఊహకందడం లేదు.

మా బావమరిది మాత్రం ఇలాంటి వాటికి జంకేవాళ్ళు పైకి రారంటూ ఒక కథ చెప్పాడు. కథ నిజమే. 1999లో కాలిఫోర్నియాలో డేవిడ్ ఫిలిప్స్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఒక ఆహార కంపెనీ తమ పొట్లాల మీది బార్‌కోడ్లు పంపితే మైళ్ళిస్తామంది. అందులో అన్నింటికంటే చవక పుడ్డింగ్ కప్పు. ఆయన ఊళ్ళు తిరిగి 12,150 కప్పులు కొన్నాడు. అయిన ఖర్చు మూడు వేల డాలర్ల పైచిలుకు. వచ్చిన మైళ్ళు పన్నెండు లక్షలు దాటాయి. అన్ని కప్పుల అట్టలు పీకే ఓపిక లేక పుడ్డింగ్‌ని సాల్వేషన్ ఆర్మీకి దానం చేసి, వాళ్ళ చేతే పీకించుకున్నాడు; దానం చేసినందుకు ఆదాయపు పన్నులో మినహాయింపు కూడా తీసుకున్నాడు. ఇంకో గుంపు ఉంది. అమెరికా టంకశాల డాలరు నాణాలు పోస్టు ఖర్చు లేకుండా ఇంటికి పంపుతుంటే, కార్డు మీద పెట్టెలకి పెట్టెలు తెప్పించుకుని, పాయింట్లు జమ చేసుకుని, ఆ నాణాలే తీసుకెళ్ళి బ్యాంకులో వేసి కార్డు బాకీ తీర్చారు. 2011లో టంకశాల కార్డుల మీద అమ్మడం ఆపేసింది. ఈ కథలు విని మా ఆవిడ ఒక్క ప్రశ్నే వేసింది: "ఆ పుడ్డింగాయన భార్య ఏమందో చెప్పలేదేం?" ఆ సమాచారం మా బావమరిది దగ్గర లేదు.

పై కారణాల చేత ప్రార్థించేదేమనగా: పాయింటంటే ఎంతో, మైలంటే ఎంతో ఒక్క అంకెలో రాయించాలి, అది చదవడానికి బావమరిది అవసరం ఉండకూడదు. పంపిన పాయింట్లు సీటు దొరక్కపోతే వారంలోపు వెనక్కి వచ్చే ఏర్పాటుండాలి. చీర కొట్లో కూడా బిల్లు చూపిస్తే మార్చి ఇస్తున్నారు. విలువ తగ్గించే ముందు తగ్గిస్తున్నామనే చెప్పాలి, మెరుగుపరుస్తున్నామనకూడదు. ఇంటిపేరు ముందున్న జాతి ఒకటి భూమ్మీద ఉందని విమాన సంస్థల కంప్యూటర్లకి తెలియజెయ్యాలి. ఇవేమీ కుదరవంటే, కార్డు ఇచ్చే రోజునే, "ఇది బహుమతి కాదు సార్, ఉద్యోగం, జీతం ఎంతో ఎవరికీ తెలియదు" అని ఆ కుర్రాడి చేత చెప్పించాలి. రిటైరైనవాణ్ణి, ఇంకో ఉద్యోగం నాకెందుకు?

ఇట్లు, తమ విధేయుడు, ఒక గృహస్థు.

తా.క.: అర్జీ రాయడం పూర్తయ్యాక మా అబ్బాయి ఫోను చేశాడు. ఒక సంస్థలో, దోహా కాదు, సింగపూర్ కాదు, ఎవరూ అనుకోని ఊరి మీదుగా, డల్లాస్‌కి పడుకుని వెళ్ళే సీటు దొరికిందట. మైళ్ళు కూడా సరిపోతాయట, బదిలీ కూడా నిమిషాల్లో అవుతుందట. ఒకటే సీటు. అదే విమానంలో వెనక ఎకానమీలో మామూలు డబ్బుకి బోలెడున్నాయట. మా ఆవిడ ఫోను నా చేతికి తిరిగి ఇస్తూ, "నా పేరులో కేఎస్‌హెచ్ వేయించండి, పాస్‌పోర్టులో అదే ఉంది" అని, దుప్పటి విమానంవాళ్ళే ఇస్తారా మనం పట్టుకెళ్ళాలా కనుక్కోమంది.

"మరి నేను?" అన్నాను.

"మీరు వెనకాల కూర్చుని మైలుకి ఎంత పడిందో చూసుకోండి" అంది.